కాగితపు మిల్లు విడుచు నీరు: వ్రాలు చేయుటకు ముందు తెలిసికొనవలసినది

గత మహాజనసభలో నొక సభ్యులు లేచి యడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. "కాగితపు మిల్లువారు తాము వాడి శుద్ధిచేసిన నీటిని మా మెట్టలకు ఉచితముగా నిచ్చెద మనుచున్నారండి. గొట్టముల ఖర్చు కూడ వారిదేనట. సంఘము తరఫున ఒడంబడికమీద వ్రాలు చేయవచ్చునా, కూడదా?" అని వారడిగిరి. వలదనుట సులభము, సరే యనుట యింకను సులభము. వాననే నమ్ముకొన్న మెట్టరైతునకు ఏడాది పొడుగున నీరు వచ్చునన్న మాట యెంత తీపియో మాకు తెలియనిది కాదు. కాని తెలియక చెప్పిన మాట పదియేండ్లపాటు పొలమును పట్టుకొని యుండును. కావున మేము చదివినదియు, కన్నులార చూచినదియు కూర్చి యీ సంచికలో విన్నవించుచున్నాము.

మనలో ననేకులకు కాగితపు మిల్లనగా సుబాబులును జామాయిలును సరుగుడును కొను బేరగాడు మాత్రమే. కఱ్ఱ తూకమునందును ధరయందును మనకున్న శ్రద్ధ ఆ మిల్లు త్రాగు నీటియందు లేదు. గోదావరి యొడ్డున రాజమహేంద్రవరపు మిల్లును, భద్రాచలమున కావలియొడ్డున సారపాక మిల్లును చూచినవారికి ఈ మిల్లులు నదులను వెదకికొని పోయి నిలిచినవని తోచక మానదు. అది ఊరక జరిగినది కాదు. కాగితము పుట్టునది కఱ్ఱలో గాదు, నీటిలో ననిన తప్పులేదు.

కఱ్ఱను చిన్నచిన్న చెక్కలుగా నఱికి, కాస్టిక్ సోడాయు సోడియం సల్ఫైడును కలిపిన ద్రవములో, మూతవేసిన పెద్ద పాత్రలయందు సుమారు 165 డిగ్రీల వేడిమిలో నుడికింతురు. కఱ్ఱయందు నారను నారతో నంటించి యుంచు జిగురునకు లిగ్నిన్ అని పేరు. ఉడుకునపుడు ఆ జిగురు కరగి నల్లని ద్రవమై వేఱగును, నార మిగులును. ఎండుకఱ్ఱలో ఇంచుమించు సగము మాత్రమే గుజ్జుగా దక్కును. తక్కిన సగము నల్లద్రవములోనికి పోవును. ఇక మిగిలిన పని ఆ నలుపును గుజ్జునుండి కడుగుటయే.

ఈ కడుగుట యెట్లో తెలియుటకు మన యిండ్లలో బియ్యము కడుగు తీరు చూచిన చాలును. మొదటి కడుగునీరు చిక్కగా నుండును; రెండవది పలుచన; మూడవది దాదాపు తేటనీరే. నీటికి కఱవున్న యింట నేర్పరియైన యిల్లాలు మూడవ నీటిని పాఱబోయదు. తరువాతి వాయి బియ్యమునకు మొదటి నీరుగా వాడును. చిక్కని మొదటి నీరు కుడితితొట్టి చేరి పశువు కడుపు నింపును. మంచి మిల్లు చేయునదియు నింతే. గుజ్జు మూడు నాలుగు కడుగుయంత్రములమీదుగా ఒక దిక్కునకు నడచును. నీరు దానికి ఎదురుగా నడచును. క్రొత్తనీరు చిట్టచివరి యంత్రమునందే, అనగా అప్పటికే శుభ్రపడిన గుజ్జుమీదనే పడును. అచటి నుండి వెనుకకు వెనుకకు వచ్చుచు మొదటి యంత్రమును చేరునప్పటికి చిక్కని నల్లద్రవమగును. ఇట్లు కొద్దినీటితో ఎక్కువ శుభ్రము కలుగును. నాలుగు యంత్రములందును నాలుగుమార్లు క్రొత్తనీరు కుమ్మరించు మిల్లు, ప్రతి కడుగునకును క్రొత్త బిందె దింపు దుబారా యింటి వంటిది.

ఆ నల్లద్రవమును చెఱకురసము పాకమునకు తెచ్చినట్లు ఇగిర్చి, రికవరీ బాయిలరను కొలిమిలో కాల్తురు. జిగురు మండి మిల్లునకు ఆవిరియు విద్యుత్తునిచ్చును. అడుగున కరగి దిగిన సోడా లవణములను నీట కలిపి, సున్నము చేర్చిన మఱల కాస్టిక్ సోడా యగును. చక్కగా నడచు మిల్లులో వాడిన సోడాలో నూటికి 95 పాళ్ల వఱకు నిట్లు తిరిగి వచ్చును. తిరిగిరాని ఆ కొద్దిపాలే మన ప్రశ్నకు మూలము. కడుగుయంత్రమును తప్పించుకొని గుజ్జుతో ముందునకు పోయిన సోడియము మఱి కొలిమికి రాదు; వ్యర్థజలముతో కలిసి గోడ దాటి వెలికి వచ్చును. మన నేలకు చౌడు పట్టునా పట్టదా యనునది కొంతవఱకు మిల్లులోని ఆ కడుగుగదిలోనే నిర్ణయమగుచున్నదని మేము నొక్కి చెప్పుచున్నాము. మిల్లు చూడబోయిన రైతులు తెల్లకాగితపు చుట్టలను చూచి ముచ్చటపడి వత్తురేగాని కడుగుగదిలోనికి తొంగియైనను చూడరు.

పిమ్మట చలువచేయు గది. గోధుమరంగు గుజ్జును తెలుపుచేయుటకు పూర్వము క్లోరిను వాయువును వాడెడివారు. మిగిలిన జిగురుతో క్లోరిను కలిసి, డయాక్సినుల వంటి, త్వరగా నశింపని విషములు పుట్టి నదిలో చేరుచుండెను. ఇప్పుడు మేలైన మిల్లులు ముందు ఆక్సిజనుతో జిగురును మఱికొంత తీసి, అటుపై క్లోరిను డయాక్సైడుతో తెలుపుచేయుచున్నవి. మన దేశమున క్లోరిను వాయువు లేని యీ పద్ధతిని మొట్టమొదట, 2002 లో, చేపట్టినది సారపాక మిల్లు. ఆక్సిజను దశలోని కడుగునీటిని నల్లద్రవముతో చేర్చి కాల్చవచ్చును. క్లోరైడుగల నీటిని మాత్రమట్లు కాల్చరాదు. అది బాయిలరు గొట్టములను తినివేయును. అందుచే మిల్లునుండి వెలువడు నీటిలో చలువగది నీరే యెక్కువ చిక్కు తెచ్చునది.

కాగితము తీయు యంత్రమువద్ద గుజ్జు 1 పాలును నీరు 99 పాళ్లును కలిపి జల్లెడమీద పఱతురు. జాఱిన తెల్లనీటిలో సన్ననార మిగిలియుండును గనుక దానిని వడగట్టి, నారను గుజ్జులోనికిని నీటిని గుజ్జు పలుచన చేయుటకును మఱల వాడుదురు. ఇది యిప్పుడు దాదాపు అన్ని మిల్లులకును తెలిసిన పనియే.

ఇక లెక్క. 2003 లో కేంద్ర పర్యావరణశాఖవారు పెద్దపరిశ్రమలతో కుదుర్చుకొన్న బాధ్యతాపత్రములో, 1992 కు పూర్వము కట్టిన పెద్ద కాగితపు మిల్లులు టన్ను కాగితమునకు విడుచు వ్యర్థజలమును రెండేండ్లలో 140 ఘనపుమీటర్లకును, నాలుగేండ్లలో 120 ఘనపుమీటర్లకును తగ్గింపవలెననియు, 1992 తరువాత కట్టినవి 100 ఘనపుమీటర్లకు మించరాదనియు నున్నది. ఘనపుమీటరనగా 1,000 లీటర్లు. దినమునకు 500 టన్నుల కాగితము తీయు మిల్లు టన్నుకు 100 ఘనపుమీటర్లు విడిచినచో దినమునకు 5 కోట్ల లీటర్లగును. రెండంగుళముల తడి పెట్టు రైతునకు ఇది ఒక దినములో సుమారు 240 ఎకరములను తడుపును. ఆ మిల్లే కడుగుటలోను తెల్లనీటిలోను నేర్పు చూపి 50 ఘనపుమీటర్లకు దింపినచో, దినమునకు 120 ఎకరముల తడి నదిలోనే నిలుచును. ఎండకాలములో క్రిందియూళ్లవారికి ఈ భేదము కన్నుల కగపడును. ఆ బాధ్యతాపత్రములోనే శుద్ధిచేసిన నీటిని వీలున్నచోట్ల వ్యవసాయమునకు వాడవలెనను మాటయు కలదు. మన సభ్యుల యూరికి వచ్చిన ప్రస్తావన యట్టిదే.

మిల్లు నీటిని శుద్ధిచేయు తీరు నొకింత చెప్పుదుము. ముందు పెద్దతొట్లలో మడ్డిని అడుగుకు దింపుదురు. పిదప గాలి చిలుకు చెఱువులలో సూక్ష్మజీవులు నీటిలోని సేంద్రియపదార్థమును తినివేయును. ఈ నీటిలో జీవులకు తిండియున్నను నత్రజనియు భాస్వరమును చాలవు. కావున మిల్లువారును మనవలెనే యూరియాయు డి.ఏ.పి.యు కొని చెఱువులో చల్లుదురు. మొదటిసారి వినినపుడు మాకు నవ్వు వచ్చినది గాని, విచారింపగా పశువునకు దాణా పెట్టుట వంటిదే యని తెలిసినది. అట్లు చేయక నదిలో విడిచినచో ఏమగును? లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజను కరగియుండును. చేపలు పీల్చునది దానినే. లీటరునకు 300 మిల్లీగ్రాముల ఆక్సిజనును కోరు మురికినీరు ఒక లీటరు నదిలో పడినచో, సుమారు 37 లీటర్ల నదినీటిలోని ఆక్సిజనునంతయు హరించును. భాద్రపదములో నిండుగా పాఱు నదికి ఇది తెలియకపోవచ్చును. వైశాఖములో పాయయై, వేడెక్కి, అసలే తక్కువ ఆక్సిజను గల నదికి ప్రాణాంతకము. అందుచే నదిలో విడుచు నీటికి ఈ కోరిక లీటరునకు 30 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. పొలమునకు పెట్టు నీటికి 100 వఱకు నొప్పుకొందురు. ఏలయన నేలలోని జీవులు ఆ మిగిలినదానిని జీర్ణించుకొనగలవు.

ఇంతవఱకు చదివినవారు, అట్లయిన నేల నదికంటె నోర్పుగలది, ఒడంబడిక చేసికొందము అని తలపవచ్చును. ఇచటనే తొందరపడరాదు. సూక్ష్మజీవులు తినునది సేంద్రియపదార్థమును మాత్రమే. ఉప్పును ఏ జీవియు తినదు. చెఱువులోనికి పోయిన సోడియము చెఱువునుండి అట్లే వెలికి వచ్చును.

మిషను పాఠశాలలో మాకు రసాయనశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయులు ఒకనాడు ఊరిబావి నీటిని పింగాణిగిన్నెలో పోసి దీపముమీద మెల్లగా నిగిర్చిరి. తేటనీరే గదా యని చూచుచుండిన పిల్లలకు గిన్నె అడుగున తెల్లని పొర యగపడినది. "కన్ను చూడని దానిని నిప్పు చూపును" అని వారనిరి. ఆ మాట మేము మఱువలేదు. రైతులెవరైనను ఇంట నీ పని చేసి చూడవచ్చును. తేటగా వడగట్టిన నీరు ఒక లీటరు శుభ్రమైన గిన్నెలో సన్నని మంటమీద పూర్తిగా నిగిర్చినచో, లీటరునకు 1,500 మిల్లీగ్రాముల లవణమున్నచో, అడుగున చిన్నచెంచాలో నాల్గవవంతు ఉప్పు మిగులును. ఏపాటి యందురా? ఎకరమునకు ఒకయంగుళము తడి యనగా సుమారు 1,03,000 లీటర్లు. ఆ తడితో 154 కిలోల లవణము పొలములో దిగును. రెండంగుళముల చొప్పున ఏడాదికి పది తడులు పెట్టినచో 3 టన్నులకు పైగా నగును. పంట దానిని కోసికొనిపోదు. నీరు ఆవిరియై పోవును. లవణము నిలుచును, లేక వానకు దిగి బావిలో చేరును.

ఇందు మఱియొక మెలిక కలదు. నీటిని తగ్గించిన మిల్లు మంచిదని పైన చెప్పితిమి. నది విషయమున నిది నిజము. కాని టన్ను కాగితమునకు 150 కిలోల లవణము వెలికి వచ్చుచున్నదనుకొందము. 100 ఘనపుమీటర్ల నీటిలో నున్నపుడు అది లీటరునకు 1,500 మిల్లీగ్రాములు. కడుగుట బాగుచేయక, నీరు మాత్రము 50 ఘనపుమీటర్లకు తగ్గించినచో నదే లవణము లీటరునకు 3,000 మిల్లీగ్రాములగును. నదికి మేలు చేసిన మిల్లే పొలమునకు చిక్కనియుప్పు పంపును. నీటితోపాటు సోడియమును కూడ లోపల నిలుపుకొన్న మిల్లే నిజముగా బాధ్యతగలదని మా యభిప్రాయము. "మేము నీరు సగము తగ్గించితిమి" అని మిల్లువారు చెప్పినపుడు అభినందించి, "లవణ మెంత తగ్గినది?" అని వెంటనే యడుగవలెను.

కొన్నియేండ్ల క్రిందట మేమొక మిల్లు దిగువనున్న గ్రామమునకు పోయి యుంటిమి. మిల్లు పేరును ఊరి పేరును ఇచట చెప్ప నవసరము లేదు. ఆ నీరు పాఱించుకొన్న మొదటియేట గడ్డియు చెఱకును ఏపుగా పెరిగినవట, ఇరుగుపొరుగువారు అసూయపడిరట. మేము పోవునప్పటికి అది నాల్గవ యేడు. నల్లరేగడి చెక్కలో బోదెల నెత్తములమీద తెల్లపొర కట్టియుండెను. పల్లపుచోట్ల నీరు మూడునాళ్లకును ఇంకక నల్లగా నిలిచియుండెను. దున్నిన గడ్డ ఇటుకవలె విఱుగుచుండెను. పొలము గల పెద్దమనుష్యుడు మాచేతికొక గడ్డనిచ్చి, "అయ్యగారూ, నీళ్లు అద్దమువలె నున్నవి. నేల యెందుకిట్లైనది?" అనెను. తెల్లపొర పాలచౌడు, నల్లనినీరు కారుచౌడు. రెండును కలిసి వచ్చినవి. సోడియము బంకమట్టి రేణువులను విడదీసి సందులను మూసివేయును. అటుపై నీరును గాలియు దిగవు. నీటిపరీక్ష చేయించితిరా యని యడిగితిమి. "ఉచితముగా వచ్చినదానికి పరీక్ష యేమిటని యెవరును తలపలేదు" అని ఆయన జవాబు. ఆ గడ్డ ఇప్పటికిని మా బల్లమీదనున్నది.

అన్నిచోట్లను ఇట్లే యగునని భయపెట్టుట మా యుద్దేశము కాదు. తమిళనాట కరూరు జిల్లాలో పుగళూరు చెంత, ఆ రాష్ట్రప్రభుత్వము 1979 లో స్థాపించిన కాగితపు మిల్లొకటి కలదు. 1984 లో ఉత్పత్తి మొదలైన యీ మిల్లునకు ముఖ్యమైన ముడిసరుకు చెఱకుపిప్పి. పిప్పి కడిగిన నీటినుండి వాయువు తీసి సున్నపుబట్టీలో కాల్చుచున్నారు. శుద్ధిచేసిన నీటిని చుట్టుపట్ల మెట్టలకు పంపుటకు అచటి రైతులతో నొక యెత్తిపోతల సంఘము ఏర్పడినది. సుమారు 1,500 ఎకరములు దానిక్రిందికి వచ్చినవి. మనవంటి రైతులు సంఘముగా నిలిచి మిల్లుతో వ్యవహరించిన యీ యుదాహరణము మనకు విలువైనది. అయినను ఆ నీరు పాఱు నేలలలోను బావులలోను లవణ మెట్లు మారుచున్నదో వ్యవసాయ శాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా పరిశోధింపవలసి వచ్చినదని మఱువరాదు. ఆ పరిశోధన ముందుగానే మన ఒడంబడికలోని షరతు కావలెను.

కావున మా సలహా యిది. ఒడంబడిక చేసికొనవచ్చును గాని ఖాళీకాగితముమీద వ్రాలు చేయరాదు. నెలనెల నీటిపరీక్ష ఫలితము సంఘకార్యాలయమునకు రావలెను. అందు విద్యుద్వాహకత 0.75 డెసీసైమెనుల లోపున్నచో దిగులులేదు, అచటనుండి 2.25 వఱకు నేలను పంటను చూచి జాగ్రత్తగా వాడవలెను. అంతకు మించినచో సామాన్యముగా పనికిరాదు. మిగులు సోడియం కార్బొనేటు లీటరునకు 2.5 మిల్లీయీక్వివలెంట్లకు మించిన నీరు జిప్సము లేక వాడరాదు. మించిన ఒక్కొక్క మిల్లీయీక్వివలెంటునకు ఎకరపు అంగుళము తడికి సుమారు 9 కిలోల శుద్ధజిప్సము కావలెను. 4.5 గల నీటితో ఏడాదికి 20 అంగుళములు పెట్టు రైతునకు ఎకరమునకు 360 కిలోలు! ఆ జిప్సపు ఖర్చు నీటి నిచ్చువారిదే కావలెనని ఒడంబడికలో వ్రాయించుడు. దీనినే మఱచిన "ఉచితము" చివరకు ఖరీదైనదగును.

అంతకంటెను ముఖ్యమైనది వలదను హక్కు. మిల్లు ఏడాదిలో 365 దినములును నీరు విడుచును. పొలము అన్నిదినములును నీరు కోరదు. శ్రావణములో ముసురు పట్టినపుడు మిల్లునీరు మన చేలలోనికి వచ్చి నిలిచినచో ఎవరికి చెప్పుకొందుము? మిల్లువారు తమ స్థలమున నిలువచెఱువు కట్టుకొనవలెను. మనము తూము మూసినపుడు నీరు అచట నాగవలెను. పొలముల దిగువను మురుగుకాలువ త్రవ్వింపవలెను. మురుగు దిగని నల్లరేగడికి ఈ నీటిని మేమసలు ఒప్పుకొనము. ఎఱ్ఱచెలకలకు కొంత నయము గాని, అచట లవణము త్వరగా దిగి బావిని పట్టును. త్రాగునీటి బావులకు చేరువనున్న చెక్కలను మొదటనే విడిచిపెట్టవలెను. మొదటియేట ఊరి భూమినంతయు దింపక, నాలుగైదెకరములలో పశుగ్రాసమో ప్రత్తియో వేసి చూచుట మంచిది. చిక్కుడు వంటివి ఉప్పును బొత్తిగా నోర్వలేవు. కారుచౌడు ఛాయ కనబడినచోట జీలుగు చల్లి కలియదున్నుట మన పెద్దలకు తెలిసిన పనియే.

పరీక్షకు నీరు పట్టుటలో చాలమంది పొరపడుచున్నారు. లీటరు సీసాను సబ్బు తగులకుండ, పట్టబోవు నీటితోనే మూడుమార్లు తొలిచి, మెడవఱకు నింపి బిరడా బిగింపవలెను. తేదీ, వేళ, చోటు చీటిమీద వ్రాసి అంటించి, ఆ దినమే బయలుదేరదీయవలెను. ఒక సీసా మిల్లు తూమువద్ద, ఒకటి పొలము చివర, ఒకటి ఊరిబావిలో పట్టుడు. బావి సీసాను మాత్రము మిల్లునీరు ఒక్కచుక్కయైనను ఊరిలోనికి రాకముందే పట్టి పరీక్ష చేయించి, ఆ ఫలితమును సంఘపు మినిట్సు పుస్తకములో నెక్కించుడు. నీరు పాఱిన తరువాత పట్టిన సీసా బావి పూర్వస్థితిని చెప్పజాలదు. రేపు వివాదము వచ్చినపుడు మనచేత నుండునది ఆ యొక్క ఫలితమే. ప్రశ్న నడిగిన సభ్యులును వారి యూరివారును రాబోవు సమావేశమునకు ముందు ఆ మూడు సీసాలను సంఘకార్యాలయమునకు తెచ్చినచో పరీక్షాకేంద్రమునకు మేమే తీసికొనిపోయెదము. వ్రాలు సంగతి ఫలితములు వచ్చిన పిదప మాటలాడుదము.